దేవుడు వెళ్ళమన్నాడని చెప్పాను

నేనొక అబద్ధం చెప్పాను. అప్పటికి మా అమ్మాయి షారోన్ నాలుగో తరగతి. ఇప్పుడు యూనివర్సిటీలో చేరింది. ఇన్నేళ్లూ ఆ మాట ఒంట్లో విరిగిన ముల్లులా ఉండిపోయింది. పైన చర్మం కప్పేసింది, కానీ చెయ్యి తగిలితే నొప్పి. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు తెలియనక్కర్లేదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది గోదావరి వైపు. పెళ్ళయ్యాక మా వారి ఉద్యోగం మీద జర్మనీ వచ్చాం. ఆయనది సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్. ప్రాజెక్టు మారితే ఊరు మారాలి. ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన కొన్నాళ్లు, ఉత్తరాన ఓ చిన్న ఊళ్ళో కొన్నాళ్లు, మళ్ళీ ఫ్రాంక్‌ఫర్ట్, ఆ తర్వాత హైడెల్‌బర్గ్. ఇక్కడ చాలా అద్దె ఇళ్లలో వంటగది బోసిగా ఉంటుంది. పొయ్యి, సింకు, అలమరాలు అన్నీ మనవే. విప్పుకుని వ్యానులో వేసుకుని బయలుదేరేవాళ్ళం. కొత్త ఊళ్ళో అన్‌మెల్‌డుంగ్ అనే చిరునామా నమోదుకి అపాయింట్‌మెంట్ తీసుకోవడం, పిల్లకు కీటా అనే శిశువిహారం వెతకడం, ఏ కొట్లో కరివేపాకు దొరుకుతుందో, ఆదివారం తెలుగువాళ్ళు ఏ చర్చి హాల్లో కూడుతున్నారో కనుక్కోవడం నా పని.

దాంట్లో నాకు పేరుండేది. విశ్వాసం ఉన్న మనిషి, ఎక్కడ దింపినా బతికేస్తుంది అనేవాళ్ళు. కొత్తగా వచ్చిన ఆడపిల్లలు ఏడుస్తూ ఫోన్ చేస్తే, దేవుడు మనకంటే ముందే ఆ ఊరికి వెళ్ళి ఉంటాడమ్మా అని ధైర్యం చెప్పేదాన్ని. అప్పుడది అబద్ధం కాదు. సామాన్లు ఇంకా విప్పని గదిలో మోకరిస్తే నిజంగానే ఎవరో తోడున్నట్టు ఉండేది. ఆ తోడుతోనే అన్ని ఊళ్లూ దాటాను.

హైడెల్‌బర్గ్‌లో కుదురుకున్నాం. పై అంతస్తులో లేనా అని షారోన్ వయసు పిల్ల ఉండేది. అంతకుముందు ఏ ఊళ్ళోనూ మా అమ్మాయి బళ్ళో నోరు విప్పి ఎరగదు. లేనా పక్కనుంటే గలగలా మాట్లాడేది. మెట్ల మీద కూర్చుని ఇద్దరూ పాడుతుంటే కిందింటి ముసలాయన తలుపు తీసి వినేవాడు. టీచరు నన్ను పిలిపించి మరీ, వీలైతే ఈ పిల్లను ఇక కదపకండి అంది. ఆ మాట మా వారికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? చెబితే ఆయన కదపరని నాకు తెలుసు. నేనేమో అప్పటికే వెళ్ళిపోవాలని చూస్తున్నాను.

ఎందుకంటే, మా ప్రార్థన కూటంలో సునంద అక్క ఉండేది. నన్ను సొంత చెల్లెలిలా చూసింది. వాళ్ళాయన ఉద్యోగం పోయిందనీ, ఆయన రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని ఆఫీసుకి వెళ్తున్నట్టే వెళ్ళి పార్కులో కూర్చుంటున్నారనీ నాకొక్కదానికే చెప్పుకుంది. ఎవరికీ అనొద్దని నా చేతులు పట్టుకుంది. నేను ఆ వారమే, ఆమె రాని రోజు చూసి, వాళ్ళ కోసం ప్రార్థన చేయండంటూ ఆ సంగతి అందరి ముందూ పెట్టాను. జాలితోనే చేశానా? కొంత జాలే. కానీ నాకు మాత్రమే తెలిసిన సంగతి చెబుతున్నప్పుడు అందరూ నా వైపు వంగి వినడం నాకు బాగుంది. అది కూడా నిజమే. సంగతి వాళ్ళాయన చెవిన పడింది. అక్క నన్ను ఒక్క మాటా అనలేదు. ఆదివారం నేను కూర్చున్న వరసలోంచి లేచి వెనక్కి వెళ్ళి కూర్చుంది. ఆ తర్వాత నాకు మోకరించడం చేతకాలేదు. కళ్ళు మూసుకుంటే ఆమె లేచి వెళ్తున్న వీపే కనబడేది.

సరిగ్గా అప్పుడే మా వారికి స్టుట్‌గార్ట్ నుంచి పిలుపొచ్చింది. ఓ శనివారం అన్నాల దగ్గర అడిగారు.

"ఈసారి బలవంతం లేదు. కావాలంటే ఇక్కడే ఉండిపోవచ్చు. నాకేం తోచట్లేదు. నువ్వు ప్రార్థన చేస్తానన్నావుగా, ఏమన్నా తెలిసిందా?"

నేను పెరుగన్నం కలుపుతున్నాను. తలెత్తలేదు.

"తెలిసిందండీ."

"ఏమని?"

"వెళ్ళమనే. దేవుడు స్పష్టంగా చెప్పాడు."

ఆయన మొహం తేటపడింది. "హమ్మయ్య. అయితే సోమవారం ఒప్పేసుకుంటా."

షారోన్ తినడం ఆపేసింది. "ఉండ్ ఇష్?" అంది జర్మన్‌లో. మరి నేను, అని. కాసేపటికి తెలుగులోకి వచ్చింది. "నన్నెందుకు అడగలేదమ్మా దేవుడు?"

"ఆయన అడగడమ్మా. చెప్తాడు. మనం వినాలి."

ఈ మాట నా నోటితో నేనే అన్నాను. అడగని వాడు దేవుడు కాదు, నేను.

స్టుట్‌గార్ట్ పక్క ఊళ్ళో దిగాం. మొదట్లో లేనా వారం వారం ఫోన్ చేసేది. తర్వాత తనకు ఇంకో స్నేహితురాలు దొరికింది. చిన్నపిల్ల, తప్పేముంది? షారోన్ మళ్ళీ బళ్ళో మూగబోయింది. రాత్రి ప్రార్థనలో కళ్ళు తెరుచుకుని గోడకేసి చూసేది. కొన్నాళ్లకు రావడమే మానేసింది. బాప్తిస్మం వయసు వచ్చినప్పుడు, నాకు అక్కర్లేదు అని ఒక్క ముక్కలో చెప్పి తన గది తలుపు వేసుకుంది. ఇక్కడి చదువుల ప్రభావం అని మా వారు బాధపడ్డారు. ఆయనకు మాత్రం ఉద్యోగం కలిసొచ్చింది. ఆ తర్వాత మేం ఊరు మారలేదు. నా భార్య ప్రార్థించింది, దేవుడు మాట్లాడాడు, మేం లోబడ్డాం అని ఆయన కూటంలో సాక్ష్యం చెబుతుంటే నేను తల దించుకుంటాను. వినయం అనుకుంటారు.

నన్ను నేను నమ్మించుకోవాలని కూడా చూశాను. ఒకవేళ దేవుడే నా పిరికితనాన్ని వాడుకుని మమ్మల్ని ఇక్కడికి చేర్చాడేమో అని. ఎంత తెలివి! నా తప్పును మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టబోయాను.

మొన్న షారోన్‌ను యూనివర్సిటీ ఊళ్ళో దించడానికి వెళ్ళాం. మా వారు కిందికి సామాన్ల కోసం వెళ్ళారు. మేమిద్దరం మంచం బిగిస్తున్నాం. ఉన్నట్టుండి అంది.

"నీ మీద నాకెప్పుడూ కోపం లేదమ్మా. నువ్వేం చేస్తావ్, నీకు దేవుడు చెప్పాడు, విన్నావ్. నాకు పడనిది ఆయనతోనే."

ఇంత దయగా నన్ను ఎవరూ ఎప్పుడూ క్షమించలేదు. ఆ క్షమ నాకు చెందాల్సింది కాదు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. "ఆ పక్క గట్టిగా పట్టుకో" అన్నాను.

రేపు ఫోన్ చేసి చెప్పేస్తానని మీకు మాటివ్వను. నా ధైర్యం గురించి జనాన్ని చాలాకాలం నమ్మించాను, మిమ్మల్ని కూడా నమ్మించలేను. చెబితే కూతురు పోతుందేమో. చెప్పకపోతే, ఏ పాపమూ ఎరగని వాడి మీద అది బతుకంతా కోపం పెట్టుకుంటుంది. తెలిసీ ఇన్నేళ్లు నా వైపే చూసుకున్నాను.

దేవుడు వెళ్ళమనలేదు. నేను ఆయన్ను అడగనే లేదు. వెళ్దామన్నది నేనే.

ఈ మూడు ముక్కలూ రాయడానికి ఇంతసేపు పట్టింది. ఏమీ తేలికపడలేదు. ఊపిరి మాత్రం కొంచెం లోపలిదాకా వెళ్తోంది.