అబూ నాసర్ భుజం మీది తొమ్మిదో నంబరు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది, ఎండలు కాస్త తగ్గుతున్న రోజుల్లో, నన్ను కువైట్‌లో జహ్రాలోని కఫీల్ ఇంటి, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని ఇంటి, వంటపని నుంచి ఆయన పెత్తనం చేసే ఫుట్‌బాల్ క్లబ్బులో జెర్సీల గదికి మార్చారు. నా మొగుడు పోయి అప్పటికి చాలా ఏళ్లు. ఎన్నో ఇళ్లు ఊడ్చి, వండి, వాళ్ల పిల్లల్ని పెంచిన దాన్ని, ఈ మగవాళ్ల చొక్కాలు నాకొక లెక్కా అనుకున్నాను. నేను చెబుతుంటే మా అక్క కూతురు రాస్తోంది. తెలియని వాళ్లు చదువుతారంట కాబట్టి ముందు ఆ పని గురించి చెబుతాను.

ఒక్కో ఆటగాడికి మ్యాచ్‌కు రెండు చొక్కాలు. మొదటి సగానికి ఒకటి, విరామం తర్వాత ఒకటి. విప్పిన చెమట చొక్కాను వెంటనే మిషన్‌లో వేయకూడదు. ఆట ముగిసేదాకా నంబరు ప్రకారం కొక్కేనికి తగిలించి ఉంచాలి. ఎందుకంటే ఎవరికైనా దెబ్బ తగిలి చొక్కా మీద రక్తం పడితే రిఫరీ బయటికి పంపేస్తాడు. రక్తం ఆగి, మరకలేని చొక్కా అదే నంబరుతో తొడుక్కుంటేనే లోపలికి రానిస్తాడు. ఈ సామానంతటికీ బాధ్యుడు ఈజిప్టు మనిషి, ఉస్తాద్ హమ్దీ. ఆయన కింద నేను.

ఆ ఏడాది గ్రీసు నుంచి యానిస్ అనే స్ట్రైకర్ వచ్చాడు. స్ట్రైకరంటే అందరికన్నా ముందుండి గోల్ కొట్టేవాడు. కొడితే దేవుడు, కొట్టకపోతే దండగ. వచ్చిన వారమే తన పాత జెర్సీలు సంచీ నిండా తెచ్చి, వేడి నీళ్లలో అచ్చు పగిలిపోతుంది, చేత్తో ఉతకమని సైగ చేశాడు. ఒక్కొక్కటి పరిచి చూపించాడు. నీలంది, సముద్రం ఒడ్డున వాళ్ల ఊరి చిన్న క్లబ్బుది. దాని పక్కన ఏథెన్సులో పెద్ద క్లబ్బుది, అక్కడ బెంచీ మీదే కూర్చోబెట్టారంట. సైప్రస్‌ది వెలిసిపోయి ఉంది. బాగా గోల్స్ కొట్టింది అక్కడేనంట. పొడుగు చేతులది పోలండ్‌ది, మంచులో ఆడినది. అన్నిటి మీదా తొమ్మిదే. మనిషి ఎక్కడెక్కడ తిరిగి వచ్చాడో నాకు ఉతుకుతూనే తెలిసింది.

మా దగ్గర మాత్రం అతనికి గోల్ పడలేదు. విదేశీ ఆటగాళ్లు క్లబ్బుకు ఇంతమందే ఉండాలని పరిమితి ఉంటుంది. చలికాలంలో ఒక పేరు తీసి ఇంకో పేరు పెట్టుకునే వీలుంది. ఆ గడువుకు ముందు చివరి మ్యాచ్ రోజు పొద్దున, క్లబ్బు బస్సు నడిపే అమలాపురం సత్తిబాబు గది గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏంటండీ రమణమ్మగారూ, మీ గ్రీకోడిని సామాన్లు సర్దుకోమనండి.”

“నీ నోట్లో మన్ను పడ! పొద్దున్నే ఏం మాటబ్బా అది?”

“ఆయ్, నా మాట కాదండి. ముదీరుగారు ఫోన్లో అంటుంటే ఇన్నాను. ఇయ్యాల గోల్ కొడితే ఉంటాడంట, నేకపోతే ఖలాస్.”

ముదీరంటే మేనేజరు. ఆయన మాట అన్నాడంటే అయిపోయినట్లే. యానిస్‌కూ తెలుసు.

మొదటి సగం చెరొక గోల్. మాది అతను కొట్టింది కాదు. విరామం అయ్యాక ఆట మళ్లీ మొదలైన కాసేపటికే అవతలి వాడి మోచేయి తగిలి యానిస్ కనుబొమ్మ చిట్లింది. చొక్కా ముందు భాగమంతా రక్తం. డాక్టరు గీత బయట కట్టు కడుతున్నాడు. కోచ్ అతని బదులు దింపడానికి ఇంకో కుర్రాణ్ణి ట్రాక్‌సూట్ విప్పమన్నాడు. హమ్దీ గదిలోకి ఉరికొచ్చి చూస్తే తొమ్మిదో కొక్కెం ఖాళీ.

ఇద్దరం గీత దగ్గరికి పరుగెత్తాం. “చొక్కా ఏది?” అని హమ్దీ యానిస్‌ను అడిగాడు.

యానిస్ తల కూడా ఎత్తలేదు. “అబూ నాసర్. గిఫ్ట్,” అన్నాడు.

అబూ నాసర్ మా క్లబ్బు పెద్దమనిషి, రోజూ అక్కడి దివానియాలో, మగవాళ్లు చేరి కబుర్లాడుకునే గదిలో, కూర్చునేవాడు. కువైట్ వాళ్లలో ఒక మర్యాద ఉంది. నీ వస్తువును ఎవరైనా మెచ్చుకుంటే “తఫద్దల్, తీసుకో” అనాలి. మెచ్చుకున్నవాడు “నీ దగ్గరే అందం” అని వద్దనాలి. విరామంలో నడవాలో ఆ ముసలాయన చొక్కా బాగుందన్నాడు. యానిస్ తఫద్దల్ అంటూనే కొక్కెం మీదిది తీసి ఆయన చేతిలో పెట్టేశాడు. ఎలాగూ వెళ్లిపోతున్నాననుకున్నాడేమో. చేతిలో పెట్టాక కాదనడం పెద్దాయనకూ కుదరలేదు.

“పోయి తీసుకురా ఉస్తాద్!” అన్నాను.

“ఇచ్చింది తిరిగి అడగడమా? ఐబ్! సిగ్గుచేటు. ఆయన ముఖం నేను మళ్లీ చూడాలి.”

నేను చీరె కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మెట్లెక్కాను. ముందు వరుసలో అబూ నాసర్ తెల్ల దిష్‌దాషా, అదే ఆ పొడుగు అంగీ, మీద మా చొక్కా భుజాన వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ ఆయన స్నేహితులు. అడిగితే వాళ్లందరి ముందు ఆయన తల కొట్టేసినట్లే. అందుకే అడగలేదు.

“మాషా అల్లా, హాజీ! ఈ చొక్కా మీ భుజం మీద ఎంత బాగుందీ!”

ఆయన చెయ్యి గుండె మీదికి దానంతట అదే పోయింది. “తఫద్దలీ!”

“దేవుడు మిమ్మల్ని సల్లగా సూడాల!” అని లాగేసుకున్నాను.

పక్కవాళ్లు పగలబడి నవ్వారు. “ఏయ్ ఆడమనిషీ, నువ్వు వద్దనాలి గదా!” అన్నాడు ముసలాయన.

“మీ మర్యాదలు నాకు సగమే తెలుసు హాజీ! అదో, ఆ రక్తం సూడండి!”

ఆయన మైదానం వైపు చూశాడు. కర్ర ఎత్తి అరిచాడు. “యల్లా, నిలబడ్డావేం? పరుగెత్తు!”

నేను దిగేసరికి కుర్రాడు గీత దగ్గర నిలబడి ఉన్నాడు. చొక్కా విసిరాను. యానిస్ తల దూర్చాడు. గీత బయట ఉండే నాలుగో రిఫరీ నంబరు చూసి, కట్టు నొక్కి చూసి, చెయ్యి ఊపాడు. కోచ్ కుర్రాణ్ణి వెనక్కి కూర్చోమన్నాడు.

మాకు కార్నర్, అంటే మైదానం మూల నుంచి బంతిని లోపలికి తన్నే అవకాశం, దొరికింది. బంతి గాలిలోకి లేచింది. యానిస్ ఇద్దరు మనుషుల మీదుగా ఎగిరి, కట్టు కట్టిన ఆ తలతోనే వలలోకి కొట్టాడు.

నేను వేసిన కేకకు నా గొంతు నాలుగు రోజులు పలకలేదు. సత్తిబాబు హమ్దీని ఎత్తి తిప్పాడు. పైన అబూ నాసర్ కర్ర ఆడిస్తూ, “నా చొక్కా! గోల్ కొట్టింది నా చొక్కా!” అని స్టేడియమంతా వినబడేలా అరుస్తున్నాడు. మ్యాచ్ మేమే గెలిచాం. ముదీరు యానిస్ పేరు తీయలేదు. గోల్స్ పడటం మొదలైతే వరసపెట్టి పడతాయి, అలాగే పడ్డాయి. ఆ సీజను ముగిసేసరికి మా క్లబ్బులో అతనికన్నా ఎక్కువ కొట్టినవాడు లేడు. తర్వాతి ఏడాదికీ ఒప్పందం రాశారు. ఆ తర్వాత సైప్రస్ పోయి, అక్కడే ఆట మానేశాడంట.

నేను పని మానేసేదాకా రెండు సంగతులు తప్పలేదు. చివరి విజిల్ పడేదాకా కొక్కెం మీది చొక్కా ఎవరికీ ఇవ్వలేదు, తొడుక్కునేవాడు అడిగినా సరే. ఇక పెద్దమనిషి చేతిలోంచి ఏదైనా తీసుకోవాల్సి వస్తే, ఇచ్చానన్న పేరు ఆయనకే వదిలేసేదాన్ని. వస్తువు నాకు వస్తే చాలు.