సుబ్బక్క కదలని రోమింగు

మంత్రాలయానికి దగ్గర్లో, తుంగభద్ర ఒడ్డునున్న నేతగాళ్ళ ఊళ్ళో సుబ్బక్కది గుంత మగ్గం. పొద్దున్నే గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుందంటే అన్నానికి తప్ప లేచే మనిషి కాదు. ఏటికి అవతల కర్ణాటక. ఆమె ఆ గట్టు తొక్కి అప్పటికే పన్నెండేళ్ళు. ఆమె ఫోను మాత్రం రోజూ పోయొచ్చేది.

ఇది పదేళ్ళ కిందటి మాట. అప్పట్లో రాష్ట్రం దాటితే, రోమింగని వచ్చిన ఫోను ఎత్తినా డబ్బులు కోసేవాళ్ళు. ఊరికి దగ్గరున్న టవరేమో అవతలి గట్టుది. సుబ్బక్క ఫోను దాన్నే పట్టుకునేది. వేంపల్లెలో కాపురముంటున్న కూతురు శివలీల ఫోను చేస్తే, ఏం కూర వండిందో చెప్పేలోపే బ్యాలెన్సు అయిపోయి లైను తెగేది.

నెల రోజులు ఓర్చుకుని శివలీల అడిగేసింది. "నాతో మాట్లాడేకి ఇష్టం లేక కట్ చేస్తాండావా మా? ఇంగ చెయ్యనులే."

జవాబు చెప్పబోతే మళ్ళీ తెగింది. ఆ పూటే సుబ్బక్క పోయి బ్యాలెన్సు వేయించుకొచ్చింది. తర్వాత తానే చేసి టవరనీ ఏరనీ ఎంత చెప్పినా, కూతురు సాకులే అనుకుంది.

కస్టమర్ కేర్ వాళ్ళకు చేస్తే, "మీరు కర్ణాటకలో తిరుగుతున్నట్టు చూపిస్తోంది మేడం" అన్నాడు అవతలి అబ్బాయి.

"నేను యాడికీ పోలేదప్పా! ఈడనే గుంతలో కూచోనుండా."

"మా కంప్యూటర్ అబద్ధం చెప్పదు మేడం."

"అయితే నేను చెప్తాండానా?" సుబ్బక్కకు ఒళ్ళు మండింది.

చీరలు కొనే షావుకారు గంగాధరం చెప్పాడు, కర్నూలులో వినియోగదారుల ఫోరం ఉందని, వకీలు కూడా అక్కర్లేదని. తెల్లకాగితం మీద రాసిచ్చి, మూడు వాయిదాలకు తిరిగింది. విచిత్రమేమిటంటే, ఆమె నిజంగా ఊరు దాటిన ఆ మూడు రోజులే రోమింగు పడలేదు.

కంపెనీ ఒప్పుకోకపోయేసరికి, పోయి చూసి రమ్మని కంపెనీకే చెప్పింది ఫోరం. ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు కంపెనీ ఆఫీసరు ప్రదీప్‌కుమార్. సుబ్బక్క మజ్జిగిచ్చి, "దిగప్పా" అని గుంత చూపించింది. కూర్చున్నాడో లేదో ఆయన సొంత ఫోనుకే మెసేజి వచ్చింది. కర్ణాటకకు స్వాగతమట! వెంటనే భార్య ఫోను చేసింది. ఎత్తక తప్పలేదు. పెట్టేసి చూస్తే బ్యాలెన్సు కోసేశారు.

"యాడికి పోయింటివప్పా?" అంది సుబ్బక్క. ఆయన జరిగింది జరిగినట్టు రిపోర్టు రాసుకున్నాడు.

కోసిన డబ్బు తిరిగివ్వమని, ఆ ఊళ్ళో ఇక ఎవరి దగ్గరా ఇలా కోయొద్దని తీర్పొచ్చింది. షావుకారు చాలా సంబరపడి మిఠాయి పంచాడు. సుబ్బక్క మాత్రం తీర్పు కాగితాన్ని కొంగులో భద్రంగా చుట్టి వేంపల్లె బస్సెక్కింది.

వాకిట్లోనే దాన్ని కూతురి చేతిలో పెట్టింది. "చదువు పాపా. నేను కట్ చెయ్యలేదని జడ్జీలే సంతకం పెట్టిండారు."