జెల్లలకు మంచినీళ్లు

పళ్ల మీది గోధుమరంగు మచ్చలు పోగొట్టుకుందామని నల్లగొండలో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి, చేపలతో తిరిగొచ్చిన మనిషిని నేను. ఆయన గది బయట గాజుతొట్టిలో బొటనవేలంత జెల్లలు మీసాలతో ఇసుక ఊడుస్తూ కనిపించాయి. నా వంతు వచ్చేసరికి పళ్ల సంగతి మరిచిపోయి, ఇవి ఎక్కడ దొరుకుతాయని ఆయన్ని అడిగాను.

మా అమ్మ నాతోనే ఉంటుంది. నేను ఇంటికి తెచ్చిపెట్టిన తొట్టి ముందు కూర్చుని చాలాసేపు చూసి, "గివి పులుసుకు గూడ రావు గదనే, ఎందుకు సాదుతున్నవ్?" అంది. గుడ్లు పెట్టించి పిల్లలు చేయించడానికి అన్నాను. "బర్రెలు సాదినోళ్ల ఇంట్ల పుట్టి జెల్లల కాన్పు చేస్తవా?" అని నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

చేపల దుకాణం ఆయన చెప్పిన కిటుకు సులువే. వాన వచ్చిందనుకుంటేనే ఇవి గుడ్లు పెడతాయట. "జర సల్లటి నీళ్లు పొయ్యుండ్రి మేడం, మోసపోతయి" అన్నాడు. నల్లగొండ ఎండల్లో వానను నేనెక్కడి నుంచి తెచ్చేది? బోరు నీళ్లలో ఐసుముక్కలు వేసి, స్టూలెక్కి, జల్లెడలోంచి కురిపించాను. పక్కింటామె కిటికీలోంచి అదంతా చూసింది. అప్పటినుంచి నాతో కొంచెం జాగ్రత్తగా మాట్లాడుతోంది.

ఆడజెల్ల నిజంగానే మోసపోయింది. మగవాటిని వెంట తిప్పుకుని, గుడ్లను రెక్కల మధ్య పట్టుకొచ్చి అద్దానికి అంటించింది. మర్నాటికి సగం తనే తినేసింది. "గిదేం తల్లే, దీని కడుపు కాల!" అని అమ్మ ఒకటే కేకలు. మిగిలిన గుడ్లను గాజుగిన్నెలోకి మారిస్తే తెల్లగా బూజుపట్టాయి. రెండోసారీ అంతే.

మళ్లీ దుకాణానికి పోయాను. "బోరు నీళ్లా? గవ్విట్ల ఉప్పెక్కువ మేడం. గుడ్లు పట్టుకోవు. నల్లా నీళ్లు పొయ్యాలె, ఒకనాడు నిలువ పెట్టినయి" అన్నాడు.

నా గుండెల్లో రాయి పడింది. మా ఇంట్లో నీళ్లు రెండు రకాలు, తాగేవి, వాడేవి. కృష్ణ నీళ్లు నల్లాలో వస్తున్నా అమ్మ పద్ధతి మారలేదు. నల్లా వచ్చే కాసేపట్లో పట్టినవన్నీ తాగడానికని మట్టి రంజనులోకే పోతాయి. రంజను మీద మూత, మూత మీద చెంబు, చెంబు మీద అమ్మ కన్ను. ఆ నీళ్లతో చెయ్యి కడిగినవాళ్లు చుట్టాలైనా సరే, తిట్లు తినాల్సిందే. మునుగోడు వైపు మా పల్లెలో మాకు దొరికినవి ఫ్లోరైడ్ బోరు నీళ్లే. వాటితో అమ్మ కాళ్లు వంకరపోయాయి, నా పళ్లు ఇలా అయ్యాయి. పెళ్లిచూపుల్లో కూడా నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వాను.

అయినా అడిగాను. "మనుషులు తాగే నీళ్లు జెల్లలకా? నోరెట్లొచ్చిందే నీకు!" అంది. ఆ పూట నాకు కూర వడ్డించలేదు. గిన్నె నా ముందుకు తోసి వెళ్లిపోయింది.

మళ్లీ గుడ్లు పెట్టినప్పుడు నాకు ఆశ లేదు. గాజుగిన్నె ముందు ఊరికే కూర్చున్నాను. అమ్మ వచ్చి తొంగిచూసి, "గీసారన్న పిల్లలైతయా?" అంది.

"కావమ్మా. బోరు నీళ్లు పడవు వీటికి. పుట్టకముందే పాడైపోతయి."

నాకు ఏడుపొచ్చింది. చేపగుడ్ల కోసం ఏడ్చే వయసా ఇది అని సిగ్గు కూడా వేసింది. అమ్మ నా మొహం వంక, నా నోటి వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత గోడ పట్టుకుని లేచి, కాళ్లీడ్చుకుంటూ రంజను దగ్గరికి పోయి, చెంబు నిండా ముంచుకొచ్చింది.

"పొయ్యి" అంది. "పసి పానాలు. నీకు పోద్దమంటే అప్పుడు నా కాడ లేకపాయె."

 చెంబు అందుకుని గిన్నెలో నీళ్లు మార్చాను.

గుడ్లు పిగిలాయి. వెంట్రుకంత పిల్లలు, వాటికీ మీసాలే! ఇప్పుడు పొద్దున్నే చెంబుతో నీళ్లు పోయడం అమ్మ పని, నన్ను దగ్గరికి కూడా రానివ్వదు. ఇంటికి ఎవరొచ్చినా తొట్టి దగ్గరికి లాక్కెళ్లి, "మా జెల్లలు మంచినీళ్లే తాగుతయి, ఎట్ల మెరుస్తున్నయో సూడుండ్రి" అని గొప్పలు పోతుంది. వెనక నిలబడి నేను పళ్లన్నీ కనబడేలా నవ్వుతాను.