మగ్దలీనమ్మ ఆదివారం బోణీ

ప్రభుత్వం ఇంకా చెన్నపట్నం నుంచే నడిచే రోజులవి. కురిచేడు నుంచి పొదిలి పోయే బండిబాట పక్కన చెన్నయ్య శెట్టి తన దుకాణాన్ని పొద్దు పొడవగానే తెరిచేవాడు. సరుకు అమ్మేది మాత్రం ఊరి బయటి పాలెం నుంచి మగ్దలీనమ్మ వచ్చాకే. అంతదాకా ఎవరు వచ్చినా, ఎంత బతిమాలినా, "బోణీ కాలేదు, ఆ అరుగు మీద కూర్చో నాయనా" అనేవాడు.

మగ్దలీనమ్మ కూలికి కలుపు తీసే మనిషి. ఒకనాడు ఆమె మొదటి బేరంగా ఇంత ఉప్పు కొనుక్కుని పోయిన కాసేపటికే, త్రిపురాంతకం తిరునాళ్లకు పోయే బండ్లు వరుసగా అక్కడ ఆగాయి. పొద్దు వాలేసరికి దుకాణంలో బెల్లం లేదు, బొరుగులు లేవు, శెట్టి తనకని దాచుకున్న చుట్టలు కూడా లేవు. ఆమె చేతిలో లక్ష్మి ఉందని ఆయనకు ఆ పొద్దే తేలిపోయింది.

మరి ఆ లక్ష్మిని అరుగు ఎక్కనిచ్చాడా అంటే, లేదు. పాలెం వాళ్లందరిలాగే ఆమె కింద మట్టిలో నిలబడాలి. నాణేన్ని నేల మీద పెట్టాలి, దాని మీద ఆయన నీళ్లు చిలకరించి తీసుకోవాలి, ఉప్పు పైనుంచి ఆమె కొంగులోకి వంచాలి. ఆ చెయ్యి లేకపోతే రోజు గడవదు. ఆ చెయ్యి తగిలితే అంటు. ఈ రెండూ ఒకే బుర్రలో పక్కపక్కనే కాపురం చేసేవి, ఎన్నడూ తగాదా పడలేదు.

పాపం మగ్దలీనమ్మ, ఉప్పు అక్కర లేకపోయినా రోజూ వచ్చేది. తను పోకపోతే అంతమంది పనులు మానుకొని అరుగు మీద కూర్చుంటారని చీకటితోనే లేచి గంజి కాచుకునేది. ఆమె ఇంట్లో కుండలన్నీ ఉప్పే. పాలెంలో ఎవరు పచ్చడి పెట్టినా చెంబు పట్టుకొని ఆమె గుడిసెకే వచ్చేవాళ్లు. ఆమెకు జ్వరమొస్తే ఊరు ఊరంతా కంగారు పడేది. రైతుల ఇళ్ల నుంచి మిరియాల కషాయం వచ్చేది. దేవుడు ప్రేమను ఏ దారిన పంపుతాడో మనం చెప్పలేం.

చిక్కల్లా ఆదివారంతోనే. ఆమె కిరస్తానీ, ప్రభువు దినమని ఆ రోజు దేన్నీ కొనదు. కాబట్టి శెట్టికి బోణీ లేదు. దాంతో ఊళ్లో ఒక్కరు కూడా మతం మారకుండానే ఊరంతా ఆదివారం పాటించసాగింది. పాలెంలో ప్రార్థన చెప్పే ఏబేలు ఉపదేశి ఈ సంగతి మిషను దొరగారికి రాద్దామనుకొని, ఏమని రాయాలో తోచక మానుకున్నాడు.

ఒక వానాకాలపు ఆదివారం సుబ్బులమ్మ పరుగెత్తుకుంటూ దుకాణానికి వచ్చింది. పెద్ద ఆసామి భార్య. చంకలో మనవరాలు. పసిపిల్ల కడుపు ఉబ్బి ముందురోజు నుంచి పాలు తాగడం లేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఊళ్లో కడుపునొప్పులు తిరుగుతున్నాయి, ఏ ఇంట్లోనూ వాము మిగల్లేదు. శెట్టి జాడీలో మాత్రం నిండుగా ఉంది.

"పిడికెడు వాము ఇయ్యి అన్నా."

"బోణీ కాలేదమ్మా."

"బిడ్డ మొహం చూడు."

"చూస్తానే ఉండా. కడుపు తరుక్కుపోతాంది. అయినా నీ చెయ్యి సంగతి నీకు తెలియందేముంది? నువ్వు బోణీ చేసిన నాడే గదా నా ఉప్పుబస్తా కరిగి కాలవైంది."

"కప్పు కారితే నా చెయ్యేం జేసింది?"

"వాన నీ వెనకాలే వచ్చినాది మరి."

"పోనీ ఊరకనే ఇయ్యి, డబ్బులు రేపు తీసుకో."

"అరువు బోణీనా? దానికన్నా దుకాణానికి నిప్పు పెట్టుకుంటా. దుకాణం నాది, ఎవరికి అమ్మాల్నో నా ఇష్టం. నిజానికి నా ఇష్టం గూడా కాదు, బోణీ ఇష్టం."

సుబ్బులమ్మ పిల్లను చంకకెత్తుకొని అక్కణ్ణుంచి కదిలింది. పుట్టి బుద్ధెరిగాక అడుగుపెట్టని పాలెంలోకి పోయి, ప్రార్థన గుడిసె వాకిట్లో నిలబడింది. పిల్ల ఏడుపు విని మగ్దలీనమ్మ ప్రసంగం మధ్యలో లేచి వచ్చింది. సంగతంతా విని పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. డప్పులా ఉంది.

"నేనీ పొద్దు కొననమ్మా. దేవునికి మాట ఇచ్చినా," అంది. సుబ్బులమ్మ వెనుదిరగబోయింది. "కొననన్నా గానీ, రానన్లేదు. పద."

దారి పొడుగునా బురదలో నడుస్తూ దేవుడితో మాట్లాడుకుంటూనే ఉంది. కొంటే మాట పోతుంది. కొనకపోతే బిడ్డ పోతుంది. దుకాణం చేరేసరికి ఆమెకు ఒక్క దారే మిగిలింది, అదీ మంచి దారి కాదు.

శెట్టి ఆమెను చూసి సంబరంగా తక్కెడ అందుకున్నాడు. మగ్దలీనమ్మ కింద ఆగలేదు. అరుగెక్కి, ఆయన్ని దాటుకొని లోపలికి పోయి, జాడీలో చెయ్యి పెట్టి పిడికెడు వాము తీసి సుబ్బులమ్మ కొంగులో పోసింది.

"ఏందిది మగ్దలీ?"

"దొంగతనం శెట్టీ. కొనడమైతే ఆదివారం ఒక్కనాడే పాపం. దొంగతనం ఏడు రోజులూ పాపమే, ఈ పొద్దని ప్రత్యేకం ఏం లేదు. రేపు కురిచేడు పోయి పోలీసోళ్లకు చెప్పుకో."

సుబ్బులమ్మ వాము నీళ్లు కాచడానికి ఇంటికి పరుగుతీసింది. శెట్టి అలవాటు కొద్దీ జాడీ మీదా అరుగు మీదా చిలకరించడానికి నీళ్ల చెంబు ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. ఆదివారమైనా ఆశ చావక అరుగు మీద కాచుకొని ఉన్న పుల్లయ్య అనే ముసలి రైతు అడిగాడు.

"కడగవేంది మామా?"

"కడిగితే అంటుతో పాటు అదృష్టం గూడా పోదా?"

"అసలు దొంగతనం బోణీ కిందికి వస్తాదా?"

"చెయ్యి ఆమెదే గదా."

"సరుకు పోయింది, డబ్బు రాలే."

"నువ్వు నోరు మూసుకొని నీకేం కావాల్నో చెప్పు."

ఆ పూట బేరాల తాకిడికి దుకాణంలో తక్కెడ కిందికి దిగలేదు. మధ్యాహ్నానికి పిల్ల పొట్ట తగ్గి పాలు తాగిందని కబురొచ్చింది.

మరుసటి ఆదివారం ప్రార్థన గుడిసె వాకిట్లో చెన్నయ్య శెట్టి చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"పెద్దమ్మా," అన్నాడు, వయసులో తానే పెద్దవాడైనా. "పోయిన వారం మాదిరి వచ్చి ఇంత దొంగిలించి పో. నీకేది కావాలంటే అది."

"ఆ ఒక్క పిడికెడుకే వారమంతా మోకాళ్ల మీద ఉండా నాయనా. మళ్లీ నా వల్ల కాదు. నీ వాకిట్లో ఎవరుంటే వాళ్లకు అమ్ముకో పో."

"ఎవరుంటారో ఏందో. ఆ చెయ్యి ఎట్లాంటిదో."

"నాది మాత్రం ఎట్లాంటిదని? కలుపు పీకే చెయ్యి."

శెట్టి తిరిగి వచ్చేసరికి అరుగు దగ్గర సుబ్బులమ్మ ఉంది. ఆయన ఆమె వైపు చూడకుండా పోయి తక్కెడ ముందు కూర్చున్నాడు. "నా చెయ్యి వద్దులే అన్నా," అని ఆమె మనవరాలి పిడికిట్లో నాణెం పెట్టి ముందుకు వంగింది. పిల్ల దాన్ని నోట్లో పెట్టుకోబోయి, ఏమనుకుందో, శెట్టి మీసం పట్టుకొని నాణేన్ని ఆయన ఒళ్లో జారవిడిచింది.

ఆ చెయ్యి మంచిదో కాదో అప్పటికి ఎవరికీ తెలియదు. శెట్టి ఒకసారి ఆకాశం వైపు చూసి, మబ్బేమీ లేదని నిమ్మళించి, బెల్లం తూచాడు.