చొక్కా పాతిన సమాధి

హ్యోన్ గిల్లం సమాధిలో మనిషి లేడు. ఒక నీలం చొక్కా, చెక్క దువ్వెన ఉన్నాయంతే.

కొరియాలోని జెజు దీవిలో అల్లర్లు ముదిరిన చలికాలంలో తుపాకులవాళ్ళు ఊరి మగవాళ్ళందరినీ బడి ఆవరణలో కూర్చోబెట్టారు. పక్కింటి మూన్ దోఛల్ ఎవరెవరిని వేలెత్తి చూపాడో వాళ్ళందరినీ, గిల్లంతో సహా, పడవెక్కించి సముద్రం మీదికి తీసుకుపోయారు. పడవ ఖాళీగా తిరిగొచ్చింది.

గిల్లం భార్య బు మల్‌సున్ సముద్రంలో మునిగి గవ్వలు, నాచు ఏరి బతికే మనిషి. ఆ తర్వాత చాలాకాలం మునిగినప్పుడల్లా రాళ్ళ సందుల్లో మొగుడి కోసం కూడా చేతులు పెట్టి వెతికింది. దొరకలేదు. చివరికి చొక్కా పాతించి, పైన గుండ్రంగా మట్టి దిబ్బ పోయించింది.

ఏటా కోతల పండగ ముందు కొడుకు తేగ్యూతో వెళ్ళి ఆ దిబ్బ మీద గడ్డి కోసేది. కోసేటప్పుడు ఒకసారి వాడి కాలు దిబ్బ మీద పడింది.

"కాలు తియ్యరా. మీ నాన్న గుండెలవి."

"లోపలున్నది చొక్కాయే కదమ్మా."

"అయితే నాన్న చొక్కా తొక్కుతావా?"

వాడు కాలు తీసేశాడు.

మల్‌సున్ తల నెరిసిన ఏడు, గడ్డి కోస్తుండగా దోఛల్ వచ్చాడు. చేతిలో సారా సీసా, ఎండుచేప. తేగ్యూ కొడవలితోనే లేచాడు.

"దించరా," అంది తల్లి. "ఇక్కడ గొడవ పడకూడదు."

"వీడెవడో మర్చిపోయావా?"

"నేనా మర్చిపోయేది?"

దోఛల్ దూరంగానే ఆగాడు. "వదినా, ఒక్కసారి మొక్కుకుని పోతాను."

ఆమె తన కొడవలి కింద పెట్టింది. తర్వాత, "టోపీ తియ్యి. చుట్టూ తిరిగి ముందు వైపుకి రా," అంది.

అతను అలాగే చేశాడు. గిన్నెలో పోస్తుంటే సగం సారా గడ్డి పాలైంది. రెండుసార్లు నేలకు నుదురు ఆనించాడు. రెండోసారి ఎంతకీ లేవలేదు.

"చూపించకపోతే నన్నే తీసుకుపోయేవాళ్ళు, వదినా."

"నాకెందుకు చెప్తావ్? ఆయనకి చెప్పుకో."

"క్షమించానని ఒక్కమాట..."

"అనను."

మొక్కాక మిగిలిన సారా అక్కడున్నవాళ్ళు తలా గుక్కెడు తాగడం ఆనవాయితీ. అతను చాచిన గిన్నెను తల్లీ కొడుకూ ఇద్దరూ ముట్టుకోలేదు. ఒక్కడే తాగి, దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు.

బతికున్నన్నాళ్ళు ఏటా వచ్చాడు. అతను కనిపించగానే మల్‌సున్ కోత ఆపి పక్కకు తప్పుకునేది. పలకరింపు లేదు. తరిమిందీ లేదు. "ఎందుకు రానిస్తావమ్మా?" అని తేగ్యూ అడిగితే, "మొక్కడానికి వచ్చినవాణ్ణి మీ నాన్న ముందు ఎలా వెళ్ళగొట్టను?" అనేది.

దోఛల్ పోయినప్పుడు ఆమె ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఆ చలికాలం పొలం నుంచి వస్తూ చూసింది. దోఛల్ సమాధి చుట్టూ పేర్చిన రాతిగోడ ఒకచోట కూలిపోయి ఉంది. మేతకొచ్చిన గుర్రమొకటి దిబ్బనెక్కి తొక్కుతోంది. ఆమె నాలుగడుగులు ముందుకుపోయి ఆగింది. వెనక్కొచ్చి బుట్ట దించింది. గుర్రాన్ని అదిలించి, పడిన రాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి పేర్చింది. వేళ్ళు చిట్లి రక్తం వచ్చింది.

మొక్కలేదు. బుట్ట ఎత్తుకుని ఇంటికి పోయింది.