ఉస్తాద్ చేతి నూనె

మీ చేతి దెబ్బ తిన్న మనిషి ఈ పూట ఎక్కడున్నాడో మీకు తెలుసా? కర్రతో కొట్టారో, మాటతో కొట్టారో, నలుగురిలో తల దించుకునేలా చేశారో, అది మీకూ దేవుడికీ తెలియాలి. తప్పించుకోకండి, నేను మిమ్మల్నే అడుగుతున్నాను. నాకు కర్రసాము నేర్పిన మా ఉస్తాద్ పోయిన దగ్గర్నుంచీ ఎవరు ఎదురైనా నా నోట ఇదే ప్రశ్న వస్తోంది.

ఆ కబురు నాకు ఫిషింగ్ హార్బర్‌లో అందింది. తెల్లవారుతోంది. వేలం మొదలవక ముందే నాలుగు మాటలు చెబుదామని ఎప్పటిలాగే వలల కుప్ప పక్కన నిలబడి బైబిలు వాక్యం చదువుతున్నాను. ఫోను మోగింది. ఉస్తాద్ కూతురు. "చాచా, అబ్బా వెళ్లిపోయారు" అంది. ఐసు మోసేవాళ్లు నా వైపు చూస్తున్నారు, ఈయన గొంతు ఆగిపోయిందేమిటా అని. ఆగింది మరి. గాలివానలో కూడా ఆగని గొంతు అది.

ఉస్తాద్ పాత ఊళ్లో తాళాలు బాగుచేసే కొట్టు నడిపేవారు. సాయంత్రమైతే కొట్టు మూసి, వెనక సందులోని తాలింఖానా తెరిచేవారు. తాలింఖానా అంటే కర్రసాము నేర్పే చోటు. రేకుల కప్పు, తడిపి అణగదొక్కిన ఎర్రమట్టి నేల, గోడకి వరసగా కర్రలు. హార్బర్ కూలీలు, దర్జీలు, స్టీలు ప్లాంటు ఉద్యోగాలకని గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఇళ్లవాళ్లు, అందరూ అక్కడ చెప్పులు విప్పి కూర్చునేవాళ్లు. నేను బోటు మీద పనిచేసే రోజుల్లో చేరాను. తర్వాత దేవుడు నన్ను పట్టుకున్నాడు, గ్రంథం చేతికొచ్చింది. ఇక ఈయన నన్ను రానిస్తాడో లేదో అనుకుంటూ వెళ్లాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు.

"వాక్యం సెప్తన్నావంట కదా?"

"అవును ఉస్తాద్."

"మంచిది. గుమ్మం బయట నువ్వు అయ్యగారు. లోపలికొచ్చినావంటే ఒరే. ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను. చివరిదాకా ఆయన ఆ మాట మీదే ఉన్నారు. బజారులో కనిపిస్తే "అయ్యగారూ, వందనాలు" అని నలుగురూ వినేలా అనేవారు. గుమ్మం దాటితే "ఒరే, మోకాలు వంచరా, ప్రార్థనకి వంగుతాది గానీ సాముకి వంగదేటి?" అనేవారు.

మెత్తని మనిషి కాదు. ఆలస్యంగా వచ్చినవాడు ఆ సాయంత్రమంతా కర్ర ముట్టకుండా గోడవార నిలబడాల్సిందే. "కర్ర తిప్పడం చెయ్యి పని, ఆపడం మనిషి పని" అనేవారు. ఆయన చేతిలో కర్ర గిర్రున తిరిగి మన చెవి పక్కన టక్కున ఆగిపోయేది. దాని గాలి చెంపకి తగిలేది, కర్ర తగిలేది కాదు.

ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. సాములో ఎవరి దెబ్బ ఎవరికి తగిలినా, కొట్టినవాడే నూనె రాయాలి. గూట్లో ఒక పాత దగ్గుమందు సీసాలో కర్పూరం వేసి కాచిన నువ్వులనూనె ఉండేది. దెబ్బ తిన్నవాడు చొక్కా విప్పి కూర్చుంటాడు, కొట్టినవాడు ఎదురుగా కూర్చుని మర్దన చేస్తాడు. అది అయ్యేవరకు ఇద్దరూ గుమ్మం దాటకూడదు. చేతిలో ఎదుటివాడి నొప్పి మెదులుతుంటే పగ ఎలా పెంచుకుంటాం చెప్పండి?

అంతటి ఉస్తాద్ ఒకసారి తన కట్టుబాటు తానే తప్పారు. పీర్ల పండుగ ఊరేగింపులో సాము చూపిస్తుంటే, ఆయన శిష్యుల్లో అందరికన్నా చురుకైనవాడు చప్పట్లకి పొంగిపోయి జనం తలల మీదుగా కర్ర తిప్పాడు. అది ఆయన ఎన్నడూ ఒప్పుకోని పని. వెళ్లి అందరి ముందూ అతని భుజం మీద గట్టిగా కొట్టారు. ఊరేగింపు అయ్యాక శిష్యుడు తాలింఖానాకి వచ్చి, చొక్కా విప్పి మట్టిలో కూర్చున్నాడు. ఉస్తాద్ అతని పక్కనుంచే వెళ్లి కాళ్లు కడుక్కున్నారు. ఇది సాములో తగిలిన దెబ్బ కాదు, తప్పుకి దండన, దీనికి నూనె లేదు అనుకున్నారు. శిష్యుడు కాసేపు చూసి, చొక్కా తొడుక్కుని వెళ్లిపోయాడు. తగరపువలసలో ఆటోల షెడ్డు పెట్టుకున్నాడని తర్వాత విన్నాం. ఏళ్లు గడిచాయి. గుమ్మం తొక్కలేదు.

ఈ మధ్య ఉస్తాద్ గుండె బలహీనపడింది. ఒకరోజు నన్ను పిలిపించారు. వెళ్లేసరికి తెల్లచొక్కా వేసుకుని, నూనె సీసా జేబులో పెట్టుకుని కూర్చున్నారు.

"తగరపువలస ఎల్దాం."

"అబ్బా, డాక్టరు మెట్లు కూడా ఎక్కొద్దన్నాడు" అని కూతురు అడ్డం వచ్చింది.

"బస్సుకుండేవి ఎన్ని మెట్లే? అయ్యగారు ఎక్కిస్తాడు."

బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకని అడిగాను.

"పొద్దు గుంకేలోగా కోపం దించుకోండని హార్బర్‌లో మైకు పగిలేలా అరుస్తావు గదా, అయ్యగారూ. నా కొట్టు దాకా వినపడతాది. నా పొద్దు గుంకిపోతంది" అన్నారు.

మైకులో నేను చెప్పిన వాక్యం ఆర్టీసీ బస్సులో టిక్కెట్టు తీసుకుని వెళ్లడం ఆ రోజు చూశాను.

శిష్యుడు ఆటో కింద పడుకుని పని చేస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు గానీ దగ్గరికి రాలేదు. వాడు పొమ్మంటే ఈ మనిషి తిరుగు బస్సు ఎక్కేదాకా ఉంటాడా అని నాకు గుబులు పట్టుకుంది.

"ఎందుకొచ్చినారు ఉస్తాద్? నొప్పి ఏనాడో పోనాది."

"నీది పోనాదిరా. నాది పోలేదు. చొక్కా ఇప్పు."

"మంది సూస్తన్నారు."

"కొట్టినప్పుడూ సూసినారు గదరా."

షెడ్డు కుర్రాళ్లు పనులాపి చుట్టూ చేరారు. అతను దూదితో చేతుల జిడ్డు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఎంతకీ తెమలడే! చివరికి దూది పారేసి బొత్తాలు విప్పాడు. స్టూలు మీద కూర్చున్న ఉస్తాద్ ముందు నేల మీద కూర్చున్నాడు. ఏ భుజమో ఆయన అడగలేదు. జేబులోంచి సీసా తీసి, దెబ్బ తగిలిన భుజానికే నూనె రాసి మర్దన చేశారు. దీవించేదాకా నిన్ను వదలనని దేవదూతతో తెల్లవార్లూ పెనుగులాడినవాడి కథ వాక్యంలో ఉంది. ఉస్తాద్ ఆ భుజాన్ని అలాగే పట్టుకున్నారు.

"చెయ్యి బరువు తగ్గిపోనాది ఉస్తాద్" అన్నాడు అతను, తల ఎత్తకుండా.

"మళ్లీ ఒకటి తగిలించమంటావేటి?"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులోనే అతని కళ్లు తుడుచుకోవడం కూడా అయిపోయింది. తర్వాత టీలు తెప్పించాడు. బస్సు దాకా ఆయన్ని చెయ్యి పట్టుకుని నడిపించాడు.

ఆ తర్వాత ఆయన ఎన్నాళ్లో బతకలేదు. ఆయన సమాధికి మట్టి ఇచ్చి వచ్చిన సాయంత్రం తాలింఖానా మూసి ఉంటుందనుకుని ఆ సందులోంచి వెళ్లాను. తలుపు బార్లా తీసి ఉంది. తగరపువలస నుంచి వచ్చిన ఆ శిష్యుడు, ఒంటరిగా, ఎర్రమట్టి మీద నీళ్లు చల్లుతున్నాడు.

ఆ బస్సు మేము ఒక్క నెల ఆలస్యంగా ఎక్కి ఉంటే? ఆ శిష్యుడు శవం ముందు నిలబడి, నూనె అంటని ఆ భుజం పట్టుకుని కుమిలిపోయేవాడు. కాబట్టి నా మాట వినండి. ఆదివారం దాకా ఆగొద్దు, పండక్కి కలుద్దాంలే అనుకోవద్దు. ఫోను చేసి ఊరుకోవద్దు, మనిషి ముందు మనిషిగా నిలబడండి. ఇది చదవడం ఇక్కడితో ఆపి చెప్పులు వేసుకోండి. ఇంకా వెలుగు ఉంది. లేవండి!