పస్తుండి మినుము చేనికి మందు కొట్టిన మా ఆయన

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మీ అందరికీ నా వందనాలు. నా పేరు కరుణమ్మ, మాది ముత్తుకూరు అవతల సముద్రం పక్కనున్న చిన్న పల్లె. నా నోటి దురుసు మా సంఘంలో తెలియనివారు లేరు, కాబట్టి ఈ సాక్ష్యం కూడా మెరుగులు దిద్దకుండా ఉన్నది ఉన్నట్టే చెబుతాను.

వరి కోసిన మడిలోనే ఆ తేమ మీద మినుములు చల్లాం. మొలక చక్కగా వచ్చింది, ఈ ఏడు దేవుడు మన వైపు చూశాడని మా ఆయన ఏసురత్నం ఎంత సంబరపడ్డాడో! ఆ సంబరం ఎన్నాళ్ళు నిలిచింది గనుక? చేను మధ్యలో అక్కడక్కడా పసుపుపచ్చటి దారాలు కనబడ్డాయి. బంగారు తీగ! దానికి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ అంత పాపిష్టి కలుపు మరొకటి లేదు, ఆకు ఉండదు, నేలలో వేరు ఉండదు, మినుము మొక్కను చుట్టుకుని దాని రసం తాగి బతుకుతుంది. చుట్టుకున్న మొక్కతో సహా పీకి, గట్టు మీద పారేయకుండా బయటికి మోసుకెళ్ళి కాల్చాలి, ముక్క మిగిలినా మళ్ళీ అల్లుకుంటుంది. నేను నడుము విరిగేలా పీకుతూ ఉండగానే పూత మొదలైంది, పూతతో పాటే పురుగు కూడా దిగింది. ఆకును, పూవును, పిందెను కలిపి గూడు కట్టుకుని లోపల దొరబాబులా కూర్చుని తింటుంది, పైనుంచి కొట్టిన మందు దాని దాకా పోదు.

అవి శ్రమదినాలు, ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజులు. మా సంఘంలో ఆ రోజుల్లో చాలామంది సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. మా ఆయన ఆ ఉపవాసాన్ని చేను కోసమే మొక్కుకున్నాడు. పురుగుమందుల అంగడివాడు పురుగు మొండిదని రెండు మందులు కలిపి కొట్టమన్నాడు. పొద్దున మందు కొట్టే పంపు భుజానికెత్తుకుంటుంటే నేను అడ్డం నిలబడ్డాను.

"ఇంత గంజన్నా తాగి పో అయ్యా, ఖాళీ కడుపుతో మందు కొట్టేవాళ్ళు యాడన్నా ఉండారా?"

"ఊరుకోవే! చేను దేవుడి చేతిలో పెట్టినాను. ఇప్పుడు నోట్లో మెతుకు పడిందంటే ఇన్నాళ్ళ ఉపవాసం ఏమవతది?"

ఎండ ఎక్కేకొద్దీ సముద్రపు గాలి ఎదురు తిరిగింది. కొట్టిన మందంతా ఆయన ముఖం మీదికే వస్తున్నా ఆపలేదు, పంపు మూత కారి వీపంతా తడిసినా ఆపలేదు. నేను అవతలి గట్టున తీగ పీకుతూ తలెత్తి చూసేసరికి మనిషి మడిలో కూలబడి ఉన్నాడు. పరుగెత్తుకుంటూ పోయాను. ఒళ్ళంతా చెమట, నోటి వెంట చొంగ, కండలు ఎగిరెగిరి పడుతున్నాయి, నేనెవరో తెలియడం లేదు. వడదెబ్బ తగిలి చలిజ్వరం వచ్చిందనుకుని పక్క పొలం వాళ్ళు ఆ తడి చొక్కా మీదే దుప్పటి చుట్టి ఆటోలో వేశారు, అలాగే నెల్లూరు పెద్దాసుపత్రికి చేర్చాం.

డాక్టరు దుప్పటి తీసి చూసి కేకలేశాడు. "చొక్కా ఎందుకు విప్పలేదమ్మా? సబ్బు పెట్టి ఒళ్ళు కడగొద్దా? అది ఒంటి మీదున్నంత సేపూ మందు లోపలికి పోతానే ఉంటది! పొద్దున ఏం తిన్నాడు?"

"ఉపవాసం సార్," అన్నాను. డాక్టరు తల పట్టుకున్నాడు.

గొంతులో గొట్టం వేసి మిషను మీద ఊపిరి పెట్టారు. బతుకుతాడని గానీ బతకడని గానీ ఎవరూ చెప్పలేదు. సహోదరులారా, ఆ వరండాలో కూర్చుని నేను చేసిన ప్రార్థన భక్తిగల ప్రార్థన కాదు. "ప్రభువా, ఈ మనిషి నీ కోసమే గదా కడుపు మాడ్చుకున్నాడు! సముద్రాన్ని గద్దించి గాలి ఆపినవాడివే, మా మడి మీద గాలి ఆపేదానికి నీకు చేతులు రాలేదా? ఇదేనా నీ న్యాయం?" అని పళ్ళు కొరికి అడిగాను. అన్నం మీద కూడా అలిగాను, నా భర్తను ఇచ్చేదాకా నేనూ తినను, చూద్దాం ఎవరు గెలుస్తారో అనుకున్నాను.

సంఘం నుంచి వచ్చిన వాళ్ళు, మేమూ నీతో పాటు రోజుకొకరం చొప్పున గొలుసు ఉపవాసం ఉంటామన్నారు. మా పాస్టరమ్మ గారు మాత్రం క్యారియరు విప్పి అన్నంలో చారు కలిపి నా ఒళ్ళో పెట్టింది.

"నీ కోపమంతా ప్రభువుకే చెప్పు కరుణమ్మా, తప్పు లేదు. అయితే ముందు తిను. చచ్చిపోతానని చెట్టు కింద పడుకున్న ప్రవక్తను దేవుడు తిట్టలేదు, రొట్టె పంపించి తినమన్నాడు. ఆయన పస్తులకు అమ్ముడుపోయే దేవుడనుకున్నావా?"

ఆ మాటకు నా మొండితనం విరిగిపోయింది. ఏడుస్తూ తిన్నాను, ముద్ద నోట్లో ఉండగానే ప్రార్థన చేశాను. "తండ్రీ, నీకు ఇచ్చేదానికి నా దగ్గర ఏమీ లేదు, ఉపవాసం కూడా లేదు. ఉత్త చేతులతో అడగతా ఉండాను. నా మనిషిని నాకియ్యి." అంతే.

చాలా రోజులు చావుకూ బతుకుకూ మధ్య అటూ ఇటూ ఊగాడు. ఒక సాయంత్రం గొట్టం తీశారు, సొంతంగా ఊపిరి తీశాడు! హల్లెలూయా! మాట వచ్చాక మొదట అడిగింది చేను గురించే. బంగారు తీగ చేనంతా కప్పేసింది, మిగిలిన కాయ పురుగు తినేసింది, దున్ని కాల్చడం తప్ప దారి లేదని మా తమ్ముడు అప్పటికే చెప్పి ఉన్నాడు.

"పోయింది," అన్నాను. పసిపిల్లవాడిలా ఏడ్చాడు, "నేను ఉపవాసం సరిగా ఉండలేదేమోనే" అన్నాడు.

"పోతే పోనీ అయ్యా. నువ్వుండావు గదా," అన్నాను.

ఈరోజుకీ ఆయన చేతులు వణుకుతాయి, పంపు ఎత్తలేడు. పూర్తిగా బాగుపడ్డాడని నేను అబద్ధ సాక్ష్యం చెప్పను. ఇంటికొచ్చిన మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షారసం గిన్నె అందుకోబోతే సగం చొక్కా మీద ఒలికింది. సిగ్గుతో తల దించుకున్నాడు. నేను లేచి పోయి గిన్నె పట్టుకుని ఆయన చేత తాగించాను, సంఘమంతా ఏడ్చింది.

ప్రియులారా, మీ చేను ఎండినా, మీ ఇంటి మనిషి మంచం పట్టినా, ఉత్త చేతులతోనే ప్రభువు దగ్గరికి రండి, కోపం ఉంటే కోపంతోనే రండి, ఆయన తోసివేయడు. రేపు మీ ఇంట్లో ఎవరైనా మందు కొట్టబోతుంటే, దేవుని పేరు చెప్పి వద్దన్నా సరే, ముందు అన్నం పెట్టండి, ఆ తర్వాత గాలి ఎటుందో చూసి పంపండి. నా భర్త ఊపిరిని నాకు తిరిగి ఇచ్చిన దేవునికే మహిమ, ఆమేన్.